కాలని చిత్రశాల

బొమ్మకార్డులు ప్రోగుచేయుట పనిలేనివారి పని యని మనలో పెక్కుమంది యభిప్రాయము. తపాలాబిళ్ళలు ప్రోగుచేయు బాలుని చూచి, వీనివలన భూగోళజ్ఞానమైన కలుగునులెమ్మని తండ్రి యూరకుండును. పాతనాణెములు కొను పెద్దమనిషిని చూచి, వెండికెప్పుడును వెల యుండునుగదా యని బంధువులు సమాధానపడుదురు. కాని యొక గోపురమో, యొక కోటబురుజో, యొక చిత్తరువో అచ్చువేసిన అట్టముక్కను భద్రపరచి, దానివంటిదే మరియొకటి దొరకినపుడు పొరుగూరి మిత్రునకు పంపి, అతనియొద్దనుండి వేరొకదానిని తెప్పించుకొను మనుష్యుని చూచి మాత్రము నవ్వని యిల్లు లేదు. ఆ నవ్వు న్యాయమైనది కాదని మా తలంపు.

అజంతా సంగతి తీసికొందము. ఆ గుహల గోడలమీది చిత్తరువులు నానాటికి చెడిపోవుచున్నవని గ్రహించి, ఈస్టిండియా కంపెనీవారు 1844లో మదరాసు సైన్యమునకు చెందిన రాబర్టు గిల్లు అను అధికారిని వానికి ప్రతులు వ్రాయుటకు నియమించిరి. అతడు ఏండ్లతరబడి ఆ కొండలలో నుండి, పెద్దపెద్ద తెరలపై నూనెరంగులతో ప్రతులు వ్రాసెను. అవి సముద్రము దాటి లండను చేరినవి. అచ్చట క్రిస్టల్ ప్యాలెస్ అను అద్దాల మేడలో ప్రదర్శింపబడుచుండగా, 1866లో మేడకు నిప్పంటుకొని యించుమించు అన్నియు బూడిదయయ్యెను. పిమ్మట బొంబాయి చిత్రకళాశాలకు చెందిన జాన్ గ్రిఫిత్సు 1872 మొదలుకొని తన భారతీయ శిష్యులతో అజంతా చేరి, మరల మొదటినుండి ప్రతులు వ్రాయించెను. ఆ ప్రతులును లండనుకే చేరినవి. 1885లో సౌత్ కెన్సింగ్టను ప్రదర్శనశాలలో మంటలు లేచి, వానిలో పెక్కింటిని మ్రింగినవి. మూలము గోడమీద రాలిపోవుచున్నది. ప్రతి పరదేశమున కాలిపోయినది. తిరుగ వ్రాసిన ప్రతియు కాలిపోయినది. ఇంత కష్టమును ఇంత సులభముగా నగ్నికి ఆహుతి యగుటకు కారణమేమి? అన్నియు ఒక్కచోట నుండుటయే కదా.

దీనికి ప్రక్కన మరియొక సంగతి నుంచి చూడుడు. లండనులో రాఫేల్ టక్ అండ్ సన్స్ అను కంపెనీ యుండెడిది. ఒకనాడు ప్రపంచమున బొమ్మకార్డులు అచ్చువేయువారిలో వారిని మించినవారరుదు. 1940 డిసెంబరు 29వ తేదీ రాత్రి జర్మను విమానములు కురిసిన బాంబులకు వారి భవనము నేలమట్టమయ్యెను. చిత్రకారులు వ్రాసియిచ్చిన మూలచిత్రములు, లెక్కల పుస్తకములు అన్నియు పోయినవి. అయినను ఆ కంపెనీ యేయే బొమ్మలను అచ్చువేసెనో నేడు మనము తెలిసికొనగలుగుచున్నాము. ఎట్లన, ఆ బొమ్మలు దేశదేశముల యిండ్లలో, పెట్టెలలో, పుస్తకముల నడుమ నిలిచియున్నవి. మనదేశముననే రాజా రవివర్మ 1894లో బొంబాయిలో శిలాముద్రణాలయమును స్థాపించెను. అది పిమ్మట లోనావలా సమీపమున నున్న మలవలి గ్రామమునకు మారి, రవివర్మ చేతినుండి ఫ్రిట్జ్ ష్లైషర్ అను జర్మను దేశీయుని చేతికి పోయి, తుదకు 1972లో అగ్నిప్రమాదమునకు గురియయ్యెను. అచ్చురాళ్ళు పోయిన పిమ్మటను, ఆ ముద్రణాలయమునుండి వెలువడిన పటములును, వానినే చిన్నవిగా చేసి అచ్చువేసిన కార్డులును పోలేదు.

గొప్ప చిత్రశాల ఒక్క రాత్రిలో కాలవచ్చును. వేయి యిండ్లలో చెదరియున్న చిత్రశాలను కాల్చుటకు వేయి రాత్రులు పట్టును. కార్డుల మార్పిడి యనునది ఈ చెదరగొట్టుటయే. రెండు కార్డులున్నవాడు ఒకదానిని మరియొక యూరికి పంపినచో, ఆ బొమ్మకు రెండు ఊళ్ళలో రెండు కప్పులు దొరకినట్లయ్యెను. ఇది వినోదమని పేరు పెట్టుకొని జరుగుచున్న రక్షణకార్యము.

ఈ కార్డు పుట్టుక చిత్రమైనది. మొదట దానిపై బొమ్మయే లేదు. ఆస్ట్రియా దేశమున ఎమ్మాన్యుయేల్ హెర్మన్ అను అర్థశాస్త్రాచార్యుని సూచనపై, 1869 అక్టోబరు 1వ తేదీన తపాలాశాఖవారు కవరు లేని యుత్తరమును ప్రవేశపెట్టిరి. మరుసటి సంవత్సరము అదే తేదీన ఇంగ్లండు దానిని అనుసరించెను. మనకు 1879 జూలై 1వ తేదీన వచ్చినది. వెల కాలణా, అనగా రూపాయలో అరువదినాలుగవ వంతు. పెండ్లి కబురు, చావు కబురు, పంట కబురు, కోర్టు వాయిదా సమస్తమును ఆ కాలణా కార్డుపైనే నడచినవి. రహస్యము దాగదని పెద్దలు మొదట సంశయించినను, తపాలాబంట్రోతు చదివి వినిపించుటయే మేలని చదువురాని యిండ్లవారు సంతోషించిరి.

బొమ్మ చేరుట తరువాతి సంగతి. జర్మనీలోను ఆస్ట్రియాలోను యాత్రాస్థలములలో ఊరి బొమ్మను కార్డు మూలను ముద్రించి అమ్ముట మొదలిడిరి. 1889లో పారిసు ప్రదర్శనమునాడు ఈఫిల్ గోపురమెక్కినవారు గోపురపు బొమ్మ గల కార్డులను అక్కడనే కొని పంపిరి. అయినను ఒక చిక్కు మిగిలెను. చిరునామా వైపున చిరునామా తప్ప మరేమియు వ్రాయరాదని నిబంధన. కాబట్టి చెప్పదలచిన మాటలు బొమ్మప్రక్కనో, బొమ్మమీదనో వ్రాయవలసివచ్చెడిది. 1902లో బ్రిటిషు తపాలాశాఖవారు కార్డు వెనుకభాగమును నిలువుగీతతో రెండుగా చీల్చి, ఎడమవైపు కబురునకు, కుడివైపు చిరునామాకు విడిచిరి. తక్కిన దేశములును కొలది యేండ్లలో ఆ దారినే నడచినవి. ఆ చిన్న గీతతో బొమ్మకు ముఖమంతయు స్వాధీనమైనది. ఈ గీత యున్నదా లేదా యని చూచియే నేటికిని సంగ్రాహకులు కార్డు వయస్సు కనిపెట్టుదురు. నాటినుండి 1914లో యూరపు యుద్ధము వచ్చువరకు బొమ్మకార్డు లోకమును ఊపివైచినది.

మన గుళ్ళును కోటలును కార్డుల కెక్కిన కాలము నదియే. ఎక్కించినవారెవరు? మదరాసులో హిగ్గిన్‌బాతమ్సు పుస్తకశాలవారు, వీలె అండ్ క్లైను వారు; బొంబాయిలో క్లిఫ్టన్ కంపెనీవారు; కలకత్తాలో జాన్‌స్టన్ అండ్ హాఫ్‌మన్ వారు. ఎక్కువగా ఫొటో ఇక్కడ తీయుట, అచ్చు జర్మనీలో వేయించుట. శాక్సనీ రాష్ట్రపు ముద్రాపకులు రంగుల అచ్చులో ఆరితేరినవారు. నల్లని ఫొటో వారియొద్దకు పోవును; మన యెండను, మన చీరలను, మన ఎఱ్ఱమట్టిని ఎన్నడును చూడనివారు తమకు తోచిన రంగులు వేయుదురు. అందువలననే పాతకార్డులలో మన గోపురములపై యూరపు సాయంకాలపు గులాబి యాకాశము కనబడును. సంగ్రాహకు డీ రంగులను సాక్ష్యముగా గైకొనరాదు. రేఖలను మాత్రమే నమ్మవలెను.

రంగులకన్న పేళ్ళు కష్టము. కొనువా డెక్కువగా దొరగారు లేక దొరసానిగారు. పంపునది సీమలోని బంధువులకు. వారికి కావలసిన భారతదేశము వేరు. దండు బజారులు, క్లబ్బులు, చల్లని కొండయూళ్ళు, వేటలో కూల్చిన పులి; వీనితోబాటు ‘జాతుల రకములు’ అను పేరిట నీళ్ళుమోయువాడు, చాకలివాడు, పాములవాడు, ఆటకత్తె. ఆ మనుష్యులకు పేళ్ళు లేవు. వారి యూళ్ళకు పేళ్ళు లేవు. కూలి యొకడు కెమెరాముందు నిలిచి, రకముగా మారి, పదివేల ప్రతులై సముద్రము దాటెను. దేవాలయములకును ఇట్టి గతియే పట్టెను. ప్రతి గోపురమును ‘పగోడా’. మహాబలిపురము ‘ఏడు పగోడాలు’. ఏ రాజు కట్టించెను, ఏ దేవుని గుడి, ఏ నది యొడ్డు అను ముచ్చట లేదు. మన యూళ్ళ పేళ్ళు ఆంగ్లేయుల నాలుకపై తిరిగి కొకనాడా, మసులిపటాము, విజగపటాము అయినవి. ఏలూరును వారు ‘ఎల్లోర్’ అని వ్రాయుదురు. ఒక్క యక్షరము మారినచో అది ‘ఎల్లోరా’ యగును; ఏలూరు పట్టణమునకును, వందలమైళ్ళ దూరముననున్న కైలాసనాథ గుహకును మధ్య గల యెడమును ఆ యక్షర మొక్కటియే కాపాడుచున్నది. కార్డులు కొనువారు ఈ పాత వర్ణక్రమములను కంఠస్థము చేయక తప్పదు.

ఇట్లని భారతీయులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. నిజాము నాదరణ పొందిన లాలా దీనదయాళు 1905లో మరణించువరకు సికింద్రాబాదు, హైదరాబాదు, మధ్యభారతముల కట్టడములను ఏ దొరకును తీసిపోనట్లు ఫొటోలు తీసెను. ఢిల్లీలో మీర్జాగారి కంపెనీ, అంబాలాలో మురళీధరుని కంపెనీ తమ పేళ్ళతోనే కార్డులు వెలువరించినవి. రవివర్మ చిత్రముల సంగతి చెప్పనేల? ఆ చిత్రములు గొప్పవా కావా యని కళావిమర్శకులు ఇప్పటికిని తగవులాడుచున్నారు. దమయంతిని, శకుంతలను, సరస్వతిని మధ్యతరగతి యింటి గోడకును, ఆ పిమ్మట కార్డు సైజునకును దింపినవా డతడే యనుటలో మాత్రము తగవు లేదు.

బొమ్మకు గల బలము నేలినవారు ఎరుగనివారు కారు. 1910వ సంవత్సరపు ముద్రణచట్టము ‘పత్రము’ అను మాటకు అర్థము చెప్పుచు, అచ్చు అక్షరములనే కాక చిత్తరువును, ఫొటోను, కంటికి కనబడు ప్రతి రూపమును అందు చేర్చినది. 1931లో భగత్‌సింగు ఉరిదీయబడిన పిమ్మట అతని చిత్రపటములు నిషేధమునకు గురియైనవి. చదువురానివానికి సంపాదకీయ మందదు, పటమందును. చాకలివాని కార్డు స్వేచ్ఛగా సముద్రము దాటవచ్చును; దేశభక్తుని పటము పొరుగువీధి దాటరాదు. ఈ రెంటిని ఒకే సంచికలో ప్రక్కప్రక్కల నంటించి యుంచుకొన్న సంగ్రాహకుడు చరిత్రగ్రంథము వ్రాయకయే వ్రాసినవాడగును.

జాతీయోద్యమకాలపు చిత్రకారులలో కార్డును ఆత్మీయముగా వాడుకొన్నవాడు నందలాల్ బోసు. 1909 శీతకాలమున లేడీ హెరింగుహామ్ అజంతాలో మరల ప్రతులు వ్రాయించుటకు వచ్చినపుడు, కలకత్తానుండి ఆమెకు తోడుగా పోయిన యువకులలో అతడొకడు; హైదరాబాదునుండి పోయినవారు సయ్యద్ అహమదు, ఫజలుద్దీను. నిజాము రాజ్యమున 1914లో పురావస్తుశాఖ యేర్పడిన పిమ్మట, గులాం యజ్దానీ సంపాదకత్వమున అజంతా చిత్రముల సంపుటములు నాలుగు 1930 మొదలు 1955 వరకు వెలువడినవి. అవి రాజుల గ్రంథాలయములకు తగినవి. నందలాల్ మాత్రము శాంతినికేతనమునుండి తన శిష్యులకును మిత్రులకును వ్రాయు మామూలు కార్డులపై నాలుగు సిరాగీతలతో ఒక తాడిచెట్టునో, ఒక మేకనో, త్రోవనుపోవు సంతాల్ స్త్రీనో దించి పంపెడివాడు. అచ్చు లేదు, జర్మనీ లేదు, వెల తపాలాఖర్చు మాత్రమే. మహాచిత్రకారుని చేతివ్రాతను తపాలాబంట్రోతు గుమ్మములో పడవైచి పోయెడివాడు! అట్టివి నేడు ప్రదర్శనశాలల యద్దములక్రింద నున్నవి.

ఇక మన యింటి సంగతికి వత్తము. అమరావతి మహాచైత్యమును నేడు చూడదలచిన తెలుగువా డెక్కడకు పోవలెను? అమరావతికి పోయినచో మట్టిదిన్నెయు, ప్రదర్శనశాలలో మిగిలిన కొన్ని రాళ్ళును కనబడును. చెన్నపట్టణపు ప్రభుత్వ ప్రదర్శనశాలలో ఒక పెద్దభాగమున్నది. లండనులోని బ్రిటిషు మ్యూజియములో నూటయిరువదికి పైబడిన శిలలున్నవి. కలకత్తా, ఢిల్లీ, పారిసు నగరములలో తునుకలున్నవి. ఈ దోషమంతయు పరాయివానిమీద మోపుట న్యాయము కాదు. 1797లో కోలిన్ మెకంజీ చూచునప్పటికే వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారి మనుష్యులు క్రొత్తపట్టణపు నిర్మాణమునకై దీపాలదిన్నెను త్రవ్వి రాళ్ళను తరలించుచుండిరి. 1845లో వాల్టరు ఇలియట్టు త్రవ్వించిన శిలలు మదరాసులో ఎండకు వానకు చాలకాల ముండి, 1859లో లండనునకు ఎక్కింపబడినవి. అక్కడనైన వానికి గౌరవము దొరకెనా? గుఱ్ఱపుబండ్ల కొట్టములో పడియుండగా 1867లో ఫెర్గుసన్ కనుగొనువరకు వాని నడిగినవారు లేరు. 1880లో అవి బ్రిటిషు మ్యూజియమునకు చేరినవి. అదే సంవత్సరము మదరాసు గవర్నరు ఆజ్ఞతో ఇక్కడి దిన్నెను పూర్తిగా తవ్వివైచి, ఉన్న కాస్త ఆనవాలును చెరిపిరి.

ఆ రాళ్ళ నన్నిటిని ఒక్కచోట చేర్చు శక్తి నేటివరకు ఏ ప్రభుత్వమునకును కలుగలేదు. కాని ఒక సామాన్యుడు లండను మ్యూజియపు కార్డులను, చెన్నపట్టణపు కార్డులను, కలకత్తా కార్డులను మార్పిడిమీద సంపాదించి, తన భోజనపుబల్లమీద ప్రక్కప్రక్కల పేర్చుకొనవచ్చును. ఇంకొక విశేషము. అమరావతి శిల్పులు మహాచైత్యపు రూపమునే కొన్ని పలకలపై చెక్కియున్నారు: ప్రాకారము, ఆయకస్తంభములు, సింహములు, పైన ఎగురు గంధర్వులు సర్వము అందున్నవి. అట్టి పలకలు లండనులోను కలవు, చెన్నపట్టణములోను కలవు. ఆ పలకల కార్డులను నడుమ నుంచుకొని, తక్కిన కార్డులలోని శిల్పములు ఏవి యేతావున నుండెడివో పోల్చి చూచుకొనవచ్చును. కూలిన కట్టడము నిట్లు బల్లమీద మరల నిలుపుకొనుట పసివాని యాట వలె కనబడినను, పురాతత్త్వవేత్తలు చేయుచున్న పనియు రూపమున నిదియే.

పోయినవి రాళ్ళు మాత్రమే కావు. 2010 మే 26వ తేదీన శ్రీకాళహస్తి రాజగోపురము కుప్పకూలెను. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన యేడంతస్తుల గోపురమది. దాని చోట క్రొత్తగోపురము 2017లో ప్రతిష్ఠింపబడినది. క్రొత్తది క్రొత్తదియే. రాయలనాటి గోపురము కోరలేని దేవుడా యని యెవరైన అడిగినచో చూపుటకు పాతఫొటోలు, పాతకార్డులు తప్ప వేరేమున్నవి? కాళహస్తికి తీర్థయాత్రకు పోయి కార్డు కొనివచ్చిన తాతగారు, తా నొక సాక్ష్యపత్రమును భోషాణములో పెట్టుచున్నట్లు ఎరుగడు. నాగార్జునకొండ లోయ సంగతి యింతకన్న పెద్దది. 1926లో ఏ. రంగస్వామి సరస్వతిగారి కంటబడి, లాంగ్‌హర్‌స్టు మొదలగువారి త్రవ్వకములలో బయల్పడిన ఇక్ష్వాకుల విజయపురి, 1955లో ఆనకట్టకు శంకుస్థాపన జరిగిన పిమ్మట నీటిక్రిందికి పోవలసివచ్చెను. కొన్ని కట్టడములను కొండమీదికిని అనుపునకును తరలించి తిరుగ పేర్చిరి. ఆ లోయ మాత్రము, చుట్టునున్న కొండల నడుమ ఆ కట్టడము లున్న యునికి మాత్రము, ఇక చిత్రములలోనిదే. ఆనకట్ట నీటితో పండిన పొలముల ధాన్యము తినుచు ఆనకట్టను తిట్టుట మాకు చేతకాదు. కాని మునిగినదాని రూపమైన మునుగకుండ కాపాడుకొనుట మన చేతిలోని పని.

హంపి రాతిరథమును ఏబదిరూపాయల నోటుపై 2017నుండి దేశమంతయు చూచుచున్నది. ఆ రథముపై ఇటుకలతో కట్టిన శిఖరము ఒకటి యుండెడిదని ఎంతమంది కెరుక? 1856లో అలెగ్జాండరు గ్రీన్‌లా అను సైనికాధికారి తీసిన ఫొటోలో అది స్పష్టముగా నున్నది. తరువాతి ఫొటోలలో లేదు. ఒకే కట్టడపు బొమ్మలను పది కాలములవి పది సంపాదించుట వ్యర్థమని తలచువారికి ఇదియే సమాధానము. ఫ్రాన్సులోని రీమ్స్ మహాలయమును 1914 సెప్టెంబరులో జర్మను ఫిరంగులు కొట్టినపుడు, దెబ్బతినక ముందరి కార్డును దెబ్బతినిన తరువాతి కార్డును జంటగా కొనినవారు లక్షలు. ఆ జంటలో ఏ యొక్కటి లేకున్నను రెండవది మూగది.

సంగ్రాహకులలో రెండు తెగలున్నవి. సిరాచుక్క పడని శుద్ధమైన కార్డు కావలెనని ఒక తెగ. వ్రాసి, ముద్రపడి, ప్రయాణము చేసిన కార్డు కావలెనని రెండవ తెగ. మేము రెండవవారి పక్షము. శుద్ధమైన కార్డు ఏమి అమ్మబడెనో చెప్పును. నడచిన కార్డు ఎవరు కొనిరో, ఎవరికి పంపిరో, ఏనాడు ఏ తపాలాకచేరి దాటెనో చెప్పును. బిళ్ళమీది తల యేడవ ఎడ్వర్డుదైనచో 1902కును 1911కును మధ్యదని, అయిదవ జార్జిదైనచో ఆ తరువాతిదని తెలియును. అందుచేతనే బిళ్ళకొరకు కార్డును నీళ్ళలో నానబెట్టి మూల నూడబెరుకువారిని చూచిన మాకు కడుపు రగులును. బిళ్ళ వేనవేలు దొరకును. ఆ బిళ్ళ ఆ కార్డుపై నుండుట ఒక్కమారే జరిగినది.

భూతద్దము చేతనుంచుకొనుట మంచిది. వరుసతప్పని చుక్కలు కనబడినచో అది సాధారణపు అచ్చు. చుక్కలకు మారు సన్నని ముడుతలవంటి పొర కనబడినచో కొలోటైపు. చుక్కలే లేక మెత్తగా కలిసిపోయినచో అసలు ఫొటో కాగితము. మన పట్టణముల స్టూడియోవారు కార్డువెనుక గల ఫొటో కాగితముపై ఒకటి రెండు ప్రతులు మాత్రమే తీసియిచ్చినవి కలవు. ఊరిగుడి ముందు నిలిచిన కుటుంబపు ఫొటోలో, కుటుంబమునకన్న వెనుకనున్న గుడి యిప్పుడు విలువైనది కావచ్చును. పాతవాని నకలు కార్డులును సంతలో తిరుగుచున్నవి. అతినీలలోహిత దీపముక్రింద కాగితము నీలముగా తళుక్కుమన్నచో, తెలుపుమందు కలిపిన యిటీవలి కాగితమని యెరుంగుడు. 1950కి పూర్వపు కాగితములో అది యుండదు.

దాచుటలో మనవారి తప్పులు రెండు. మొదటిది పిండిజిగురుతో పుస్తకమున అంటించుట. ఆ జిగురును తినుటకు రామబాణపు పురుగు వచ్చును. జిగురుతోబాటు బొమ్మను తినును. వెనుకవ్రాత ఎలాగును పోయినట్లే. రెండవది లామినేషను. మెఱయుచున్నదని సంతోషించి, వేడిమికి కార్డును ఉడికించి, తిరిగి తీయరాని ప్లాస్టికులో సమాధిచేయుట యది. ఆమ్లము లేని కాగితపు మూలలలో దూర్చి యుంచుట, ఎండ తగులనీయకుండుట, చేతిచమురు అంటనీయకుండుట చాలును. తాటాకు గ్రంథములకు వేపాకును వసకొమ్మును వాడిన దేశమునకు ఇది నేర్పవలసిన విద్య కాదు.

చేతిలోని ఫోనులో లోకమంతయు కనబడుచుండగా అట్టముక్క లెందులకని యువకు లడుగుచున్నారు. కార్డు ప్రతిబింబమును రెండువైపులు తీసి పదిమందికి పంపుడు, మంచిదే. కాని ఫోనులోని బొమ్మకు వెనుకవైపు లేదు. ముద్ర లేదు, చేతివ్రాత లేదు, ఎక్కడ తిరిగివచ్చెనో చెప్పు మరక లేదు. పోర్చుగల్ దేశమున 2005లో పౌలో మగల్హాయిస్ అను యువకుడు ప్రారంభించిన పోస్ట్‌క్రాసింగు అను మార్పిడిలో, ముక్కు మొగము ఎరుగనివారికి ఒక కార్డు పంపినచో ముక్కు మొగము ఎరుగని వేరొకరినుండి మనకొకటి వచ్చును. ఏర్పాటు నడచుట ఫోనులమీదనే. చేరునది మాత్రము అట్టముక్క. 2018లో లండనులోని ప్రాచ్యవిద్యాలయమువారు మదరాసు, బెంగుళూరు నగరముల పాతకార్డులతోనే ఒక ప్రదర్శనము జరిపిరి. అదే సంవత్సరము ఒమర్ ఖాన్ మనదేశపు పాతకార్డుల చరిత్రను పెద్దగ్రంథముగా వెలువరించెను. పరదేశములలో మన కార్డులకు పండితులు పుట్టుచున్నారు; మన భోషాణములలో వానికి చెదలు పుట్టుచున్నవి.

పరదేశమిత్రునకు మనము పంపునది యేది? తాజమహలు, చార్మినారు ఎవరైనను పంపుదురు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్పగుడిని 2021లో ప్రపంచవారసత్వపు పట్టికలో చేర్చుకొన్నారు. పాలంపేట యెక్కడనో ఆ కార్డు చెప్పవలెను. లేపాక్షి పైకప్పు చిత్తరువులు, ముఖలింగపు ద్వారబంధములు, ఉండవల్లి గుహలు, పుష్పగిరి గోడలు పంపవలెను. మన క్షేత్రములలో దేవుని పటములు పుష్కలముగా దొరకును; శిల్పపు కార్డు దొరకుట మాత్రము అరుదు. ధర్మకర్తలును పురావస్తుశాఖవారును దుకాణములో పది మంచికార్డుల నుంచుట పెద్దఖర్చు కాదు. కాని వారికొరకు కాచుకొని కూర్చుండనక్కరలేదు. ఊరి ఫొటోగ్రాఫరును గుడికి తీసికొనిపోయి, ఉదయపు వాలు ఎండలో ఒక స్తంభమును తీయించి, నూరు కార్డులు అచ్చువేయించుట ఒక పెండ్లి శుభలేఖల ఖర్చుకు మించదు.

మదరాసు మూర్‌మార్కెట్టులో పాతపుస్తకములతోబాటు పాతకార్డులును దొరకెడివి. అదియును 1985లో కాలిపోయినది. ఆదివారమునాడు హైదరాబాదు ఆబిడ్సు వీధిలో పరచు పాతపుస్తకములలో వెదకువారికి నేటికిని అప్పుడప్పుడు ఒక కార్డు దొరకును. అంతకన్న ఎక్కువ దొరకు తావు పాఠకుల అటకలమీదనే యున్నది. పాతకాగితములను తూకమునకు వేయుటకు ముందు ఒక్క పూట కూర్చుండి కార్డులను వేరుచేయుడు. బొమ్మ యేయూరిదో ఇంటి వృద్ధుల నడుగుడు. వారు చెప్పిన పేరును, గుడియైనచో దేవుని పేరును, ఊరియందు ఏ దిక్కుననున్నదో వ్రాసిపెట్టుడు. జంటగా నున్నవానిలో ఒకదానిని పొరుగూరి మిత్రునకు పంపి, అతనియొద్ద నున్నవాని పట్టిక నడుగుడు. వెనుకవైపు వ్రాయునపుడు మెత్తని పెన్సిలుతోనే, ఖాళీ యున్న మూలను వ్రాయవలెను. సిరా బొమ్మవైపునకు దిగును.